డెల్టాలో కారవాన్ నడిపేవాళ్ళకి: మంచినీళ్ళ ట్యాంకు నుంచి మురుగు వాల్వు దాకా

కారవాన్ ప్లంబింగ్ మీద దొరికే మాన్యువళ్ళు ఎక్కువగా చలిదేశాల కోసం రాసినవి. పైపుల్లో నీళ్ళు గడ్డకట్టకుండా ఏం చెయ్యాలో చెప్పడానికే వాటిలో చాలా పేజీలు పోతాయి. గోదావరి డెల్టాలో ఆ బెడద లేదు. ఇక్కడ పైపుల్నీ పంపుల్నీ తినేసేవి మూడు: వరద రోజుల్లో నీళ్ళతో వచ్చే ఒండ్రు, తీరం వైపు బోరునీళ్ళలోని ఉప్పు, ఏప్రిల్ మే నెలల ఎండ. కాబట్టి చెయ్యాల్సిన పనులూ, వాటి వరసా వేరు.

మురుగు సంగతి ఇంకా ముఖ్యం. ధవళేశ్వరం దగ్గర మొదలైన కాలవలే ఊరూరా మంచినీళ్ళ చెరువులు నింపుతాయి. పి.గన్నవరం అక్విడక్టు (నది మీద కాలవ వంతెన) మీదుగా గోదావరి పాయ వైనతేయ దాటిన కాలవ నీళ్ళే రాజోలు వైపు ఊళ్ళకి తాగునీరు. కాలవ గట్టు మీద బండి ఆపి వాల్వు తెరిస్తే, ఆ మురుగు కింది ఊళ్ళ చెరువుల్లోకే చేరుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో పెద్ద భాగం మురుగు గురించే ఉంటుంది.

బండిలో మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్ళది. రెండోది సింకు, స్నానం నీళ్ళు చేరే వాడుకనీళ్ళ ట్యాంకు. మూడోది టాయిలెట్ కింద ఉండే మలం ట్యాంకు. చిన్న బండ్లలో మూడోదాని బదులు బయటికి లాగి మోసుకెళ్ళే క్యాసెట్ ఉంటుంది. అది సుమారు 17 నుంచి 20 లీటర్లు పడుతుంది.

ఏ నీళ్ళు పట్టాలి

ట్యాంకులో పొయ్యకముందు నీళ్ళని తెల్ల ప్లాస్టిక్ బకెట్‌లో పట్టి చూడండి. బోరునీళ్ళు పట్టిన వెంటనే తేటగానే కనిపిస్తాయి. అరగంట కదపకుండా ఉంచండి. పైన నూనెలా మెరిసే సన్నటి తెట్టు కట్టి, అడుగున ఇటుకపొడి రంగు మడ్డి దిగితే ఆ నీళ్ళలో ఇనుము ఉన్నట్టు. నేల లోపల కరిగి ఉన్న ఇనుము గాలి తగిలాక తుప్పుగా మారి దిగుతుంది. ఆ పని బకెట్‌లో జరగకపోతే మీ పైపుల్లో జరుగుతుంది. షవరు రంధ్రాలు ముందు పూడుకుపోతాయి, ఆ తర్వాత గీజరు.

రెండో పరీక్ష ఉప్పు. నీళ్ళలో కరిగిన లవణాల్ని కొలిచే, జేబులో పట్టే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్ళు దొరకనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. సఖినేటిపల్లి, అంతర్వేది, అల్లవరం, కాట్రేనికోన వైపు చాలాచోట్ల బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయి. 2000 దాటిన నీళ్ళు స్నానానికి సరిపోతాయి కదా అని ట్యాంకు నింపకండి. గీజరు ఎలిమెంటు గార కట్టి కాలిపోతుంది, పంపు టెర్మినళ్ళు ఆకుపచ్చగా చిలుము పడతాయి. అలాంటి ఊరికి వెళ్ళేముందే అమలాపురం, రాజోలు లాంటి చోట ట్యాంకు నింపుకోవడం మేలు. తాగడానికి మాత్రం 20 లీటర్ల నీళ్ళ టిన్ను విడిగా పెట్టుకోండి. ట్యాంకు నీళ్ళు ఎంత శుభ్రంగా ఉంచినా తాగునీళ్ళు వేరుగా ఉంటే ఒక భయం తగ్గుతుంది.

జూలై నుంచి సెప్టెంబరు దాకా కాలవల్లో వరద ఎర్రనీరు. ఇందులోని ఒండ్రు ఎంత సన్నమంటే గుడ్డలో వడకట్టినా దిగిపోతుంది. దీన్ని ట్యాంకులో తేర్చకూడదు, విడిగా 50 లీటర్ల డ్రమ్ములో తేర్చాలి. 20 లీటర్లకు ఒక గ్రాము పటికతో మొదలుపెట్టండి. ముందు పటికను గ్లాసు నీళ్ళలో కరిగించి పోసి, ఒక నిమిషం గట్టిగా, ఐదు నిమిషాలు నెమ్మదిగా తిప్పి, రెండు గంటలు వదిలెయ్యండి. పైనున్న ముప్పాతిక వంతు నీళ్ళు మాత్రం ట్యూబుతో తీసుకోవాలి. చిల్లగింజ గంధంతోనూ మడ్డి దిగుతుంది. కానీ గింజలోని పదార్థం నీళ్ళలో మిగిలి ట్యాంకులో పాచికి మేత అవుతుంది. నిల్వ ఉంచే నీళ్ళకి పటికే నయం.

ఎండాకాలం కాలవలు కట్టేశాక చెరువు నిల్వనీరే గతి. ఆ రోజుల్లో అసలు సమస్య నాచు, దాని వాసన. నింపే పైపుకి 5 మైక్రాన్ల ఫిల్టరు తగిలించి నింపండి. వరద రోజుల్లో దాని ముందు 20 మైక్రాన్లది ఇంకొకటి ఉండాలి, లేకపోతే చిన్నది ఒక్క పూటలో పూడుకుపోతుంది. కార్బన్ ఫిల్టరుని మాత్రం నింపేచోట పెట్టకండి. అది క్లోరిన్‌ని తీసేస్తుంది, ఇక ట్యాంకులో నీళ్ళకి రక్షణ ఉండదు. దాని చోటు వంటింటి కుళాయి ముందే.

నింపాక వంద లీటర్లకు 5 శాతం సోడియం హైపోక్లోరైట్ 4 మి.లీ. కలపండి. అరగంట తర్వాత పంచాయతీ వాళ్ళు నీళ్ళలో క్లోరిన్ కొలవడానికి వాడే క్లోరోస్కోపుతో చూస్తే లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఏమీ మిగలకపోతే నీళ్ళలోనో ట్యాంకులోనో మురికి ఉన్నట్టే.

ట్యాంకు, పైపులు శుద్ధి చెయ్యడం

మూడు నెలలకోసారి చెయ్యాలి. బండి రెండు వారాలు కదలకుండా ఉన్నా, అనుమానం ఉన్న నీళ్ళు పట్టినా, అప్పుడూ చెయ్యాలి.

1. గీజరు ఆపి, పూర్తిగా చల్లారాక ఖాళీ చెయ్యండి. కార్బన్ కార్ట్రిడ్జి తీసి పక్కన పెట్టండి.
2. ట్యాంకు అడుగు డ్రెయిను తెరిచి పాత నీళ్ళన్నీ వదిలెయ్యండి.
3. 5 శాతం హైపోక్లోరైట్ లీటరుకు ఒక మి.లీ. చొప్పున కొలవండి. వంద లీటర్ల ట్యాంకుకి వంద మి.లీ. బ్లీచింగ్ పౌడరైతే వంద లీటర్లకు 20 గ్రాములు. బకెట్ నీళ్ళలో కలిపి అరగంట ఆగి పై తేట మాత్రమే పొయ్యండి. అడుగున మిగిలే తెల్లటి సున్నం ట్యాంకులోకి పోతే పంపు జల్లెడ మూసుకుపోతుంది.
4. ట్యాంకు నింపి పంపు వెయ్యండి. ప్రతి కుళాయీ చల్లనీళ్ళ వైపు, వేడినీళ్ళ వైపు విడివిడిగా తెరిచి, క్లోరిన్ వాసన వచ్చాక కట్టండి. షవరు, టాయిలెట్ ఫ్లష్ మర్చిపోకండి. అందరూ వదిలేసేది ఫ్లష్ పైపునే.
5. నాలుగు గంటలు ఉంచండి. స్టీలు ట్యాంకైతే అంతకు మించి వద్దు. క్లోరిన్ ఎక్కువసేపు ఉంటే స్టీలు మీద చిన్న చిన్న గుంటలు పడతాయి.
6. ఈ నీళ్ళని కాలవలోకి గానీ రొయ్యల చెరువు వైపు గానీ పోనివ్వకండి. ఎండ తగిలే ఖాళీ నేల మీద వదిలి, ఆ తర్వాత రెండుసార్లు మంచినీళ్ళతో కడగండి.

వాసన పోలేదని వెనిగర్ పొయ్యకూడదు. క్లోరిన్‌తో ఆమ్లం కలిస్తే విషవాయువు వస్తుంది. మూసి ఉన్న బండిలో అది ప్రాణాపాయం. టాయిలెట్ కడిగే యాసిడ్ క్లీనర్లకీ ఇదే వర్తిస్తుంది. మిగిలిన వాసనకి నాలుగు చెంచాల తినేసోడా కలిపిన నీళ్ళు ఒకసారి తిప్పి వదిలితే చాలు. గార తియ్యడానికి వెనిగర్ కావాలంటే, పైపులు పూర్తిగా కడిగి ఇంకో రోజు పెట్టుకోండి.

పంపు, జాయింట్లు

చాలా బండ్లలో 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు ఉంటుంది. కుళాయి తెరిస్తే తిరుగుతుంది, కడితే పీడనం 40 పీఎస్ఐ దగ్గరకి చేరి ఆగుతుంది. దాని ముందు అరచేతిలో పట్టే పారదర్శకమైన గిన్నె, లోపల స్టీలు జల్లెడ ఉంటాయి. డెల్టాలో తిరిగే బండికి ఇది వారానికోసారి చూడాల్సిన భాగం. పంపు స్విచ్ తీసి, ట్యాంకు వాల్వు కట్టి, గిన్నె చేత్తో తిప్పి ఊడదియ్యండి. జల్లెడ మీద పేరుకున్న మెత్తటి ఒండ్రుని వేలితో రుద్దకండి, సన్నటి తీగలు వంగిపోతాయి. పాత టూత్‌బ్రష్‌తో లోపలి నుంచి బయటికి తొయ్యండి. బిగించేముందు ఓ-రింగు (గుండ్రటి రబ్బరు సీలు) గాడిలో ఇసుక రేణువు లేకుండా తుడవండి. ఒక్క రేణువున్నా పంపు అక్కడి నుంచి గాలి పీల్చుకుంటుంది.

పంపు తిరుగుతూ నీళ్ళు రాకపోతే ముందు అనుమానించాల్సింది ఈ ఓ-రింగునే. కుళాయిలన్నీ కట్టి ఉన్నా పంపు అప్పుడప్పుడూ దానంతటదే తిరిగితే లీకు ఉన్నట్టు. పంపు తర్వాతి వాల్వు కట్టి చూడండి. అప్పటికీ తిరిగితే పంపు లోపలి వాల్వు చెడింది. ఆగిపోతే పైపులో ఎక్కడో కారుతోంది. ప్రతి జాయింటు కిందా టిష్యూ కాగితం చుట్టి పావుగంట వదిలితే కారే చోటు అదే చెబుతుంది. పంపు అసలు కదలకపోతే ఫ్యూజు, తర్వాత పంపు దగ్గరే వోల్టేజి చూడండి. తిరిగేటప్పుడు 11 కంటే తగ్గితే బ్యాటరీ కంటే ముందు వైరు మందాన్నీ, టెర్మినళ్ళనూ అనుమానించాలి. ఉప్పుగాలి తగిలే చోట టెర్మినళ్ళు రుద్ది, పెట్రోలియం జెల్లీ పూసి ఉంచాలి. రబ్బరు సీళ్ళకి మాత్రం అది పనికిరాదు, వాటికి సిలికాన్ గ్రీజు.

ఇళ్ళలో వాడే సీపీవీసీ పైపుని సాల్వెంటు పెట్టి బండిలో అతికిస్తే ఎక్కువ కాలం నిలవదు. గట్ల మీద గతుకుల్లో అదిరి, ఎల్బో దగ్గర వెంట్రుకంత పగులు వస్తుంది. వంగే పెక్స్ పైపు గానీ, అల్లిక ఉన్న ఫుడ్ గ్రేడ్ హోసు గానీ వెయ్యాలి. ప్రతి 40, 50 సెంటీమీటర్లకు క్లాంపు, లోహం అంచు తగిలేచోట రబ్బరు తొడుగు. హోసు క్లిప్పులు 316 రకం స్టీలువి తీసుకోండి. మామూలువి సముద్రపు గాలికి తొందరగా తుప్పు పట్టి, స్క్రూ తిరగనివ్వవు.

ఎవరింట్లోనైనా కుళాయికి బండిని నేరుగా కలిపేటప్పుడు బూస్టర్ మోటారు ఉందేమో అడగండి. ఉంటే 45 పీఎస్ఐ రెగ్యులేటరు లేకుండా కలపకండి. డాబా మీది ట్యాంకు నీళ్ళైతే పీడనం ఎలాగూ తక్కువే, ట్యాంకు నింపుకుని పంపు వాడుకోవడమే సుఖం.

వాడుకనీళ్ళు

ఇక్కడ ట్యాంకుని పాడుచేసేది వంట. చేప పొలుసు, రొయ్య తలలు, గంజి, చింతపండు పిప్పి, కూర నూనె ఇవేవీ సింకులోకి పోకూడదు. గిన్నెలు ముందు కాగితంతో తుడిచి తర్వాత కడగండి. సింకు రంధ్రానికి సన్న జల్లెడ పెట్టండి. వేసవిలో ఈ నీళ్ళు ఒక్క రోజులో కుళ్ళి మలం ట్యాంకుకి దీటుగా కంపు కొడతాయి, కాబట్టి రోజూ ఖాళీ చేసుకునేలా చూసుకోండి. నూనె పట్టిన ట్యాంకులో 20 లీటర్ల గోరువెచ్చని నీళ్ళు, వంద మి.లీ. గిన్నెల సబ్బు ద్రవం పోసి పదిహేను ఇరవై కిలోమీటర్లు నడిపి వదిలితే చాలావరకు ఊడివస్తుంది. మరిగే నీళ్ళు పోస్తే ప్లాస్టిక్ పైపు జాయింట్లు సాగిపోతాయి.

గాలిగొట్టం చివర దోమతెర కట్టండి. కట్టకపోతే ట్యాంకులో దోమలు పెరిగి సింకు గుండా బండిలోకే వస్తాయి.

మలం ట్యాంకు

దీని నియమం ఒక్కటే: లోపల ఎప్పుడూ నీళ్ళు ఎక్కువగా ఉండాలి, వాల్వు ఎప్పుడూ కట్టి ఉండాలి. వాల్వు తెరిచి ఉంచితే ద్రవం జారిపోయి, గట్టి పదార్థం టాయిలెట్ కిందే కుప్పగా పేరుకుని ఎండిపోతుంది. దాన్ని కదిలించడానికి రోజులు పడుతుంది. కాగితం బదులు నీళ్ళతో కడుక్కునే మన అలవాటు ఇక్కడ గొప్ప మేలు చేస్తుంది, ప్రతిసారీ ఒకటి రెండు లీటర్లు అదనంగా లోపలికి పోతాయి. తడి వైప్స్, ప్యాడ్లు, వెంట్రుకలు మాత్రం ఎప్పుడూ వెయ్యకూడదు.

ఖాళీ చేసిన ప్రతిసారీ 8 నుంచి 10 లీటర్ల మంచినీళ్ళు పోసి, అందులో బ్యాక్టీరియా కల్చరు పొడి ప్యాకెట్ మీద రాసిన మోతాదు కలపండి. ఫార్మాలిన్ ఉన్న రసాయనాలు కొనకండి. వాసన ఆగుతుంది నిజమే, కానీ ఆ మురుగు చేరిన సెప్టిక్ ట్యాంకులో పనిచేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. మీకు చోటిచ్చిన ఇంటివాళ్ళకి నష్టం. బ్లీచింగ్ కూడా వెయ్యకూడదు. మూత్రంలోని అమోనియాతో కలిస్తే ఊపిరి ఆడనివ్వని వాయువు పుడుతుంది.

వాసన బండిలోకి వస్తుంటే మందు మార్చేముందు మూడు చూడండి. టాయిలెట్ ఫ్లాపు చుట్టూ ఉన్న రబ్బరు పెదవి మీద రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు నిలుస్తున్నాయా? నిలవకపోతే రబ్బరు ఎండింది, తుడిచి సిలికాన్ నూనె రాయండి. పైకప్పు మీది గాలిగొట్టంలో కందిరీగలు గూడు పెట్టాయా? ఫ్లష్ చేసేటప్పుడు బాత్రూం ఎగ్జాస్టు ఫ్యాను తిరుగుతోందా? తిరుగుతుంటే ట్యాంకులోని గాలిని అదే పైకి లాగుతుంది. ఫ్యాను ఆపి, ఫ్లష్ చేసి, ఫ్లాపు మూసుకున్నాక వెయ్యండి.

ట్యాంకు మట్టం చూపే మీటరు ఎప్పుడూ నిండినట్టు చూపిస్తూనే ఉంటే సెన్సారు పాడైందని తీర్మానించకండి. గోడకి పట్టిన మురికి దాన్ని మోసం చేస్తోంది. మూడింట రెండు వంతులు నీళ్ళు, కొంచెం సబ్బు ద్రవం పోసి ఒక పూట నడిపి ఖాళీ చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఎక్కడ, ఎలా ఖాళీ చెయ్యాలి

వద్దన్న చోట్లు ముందు: కాలవ, మురుగుకోడు, రొయ్యల చెరువు, ఇసుక తిన్నె, పొలం బోదె. డెల్టాలో నేల నీరు చాలాచోట్ల కొద్ది అడుగుల లోతులోనే ఉంటుంది, వానాకాలం ఇంకా పైకి వస్తుంది. అందుకే గొయ్యి తవ్వి పూడ్చడం కూడా పనికిరాదు. పక్కింటి చేతిపంపులోకే చేరుతుంది.

సరైన చోట్లు: మీ ఇంటి సెప్టిక్ ట్యాంకు, అనుమతి ఇచ్చిన రిసార్టు లేదా లాడ్జి ట్యాంకు, మలవ్యర్థాల శుద్ధి కేంద్రం ఉన్న మున్సిపాలిటీ. దిండి లాంటి చోట బస చేస్తే బుక్ చేసేటప్పుడే అడగండి. సెప్టిక్ ట్యాంకు బండి వాళ్ళని పిలిస్తే లోడు ఎక్కడికి తీసుకెళ్తారో కనుక్కున్నాకే డబ్బివ్వండి. క్యాసెట్ అయితే మామూలు మరుగుదొడ్డిలో నెమ్మదిగా ఒంపి, రెండు బకెట్లు నీళ్ళు కొట్టవచ్చు. సబ్బు తక్కువున్న వాడుకనీళ్ళని తోట యజమాని ఒప్పుకుంటే కొబ్బరి పాదుల్లోకి వదలవచ్చు, బావికి దూరంగా మాత్రమే.

ట్యాంకు మూడింట రెండు వంతులు నిండాక ఖాళీ చెయ్యండి. పావు వంతే ఉంటే ఉరవడి చాలక గట్టిది లోపలే మిగిలిపోతుంది, ముందు నీళ్ళు పోసి నింపండి.

1. బండిని వాల్వు వైపు కొద్దిగా వాలేలా నిలపండి. మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు, కళ్ళద్దాలు వేసుకోండి.
2. మూత కింద బకెట్ పెట్టి మూతను సగం తిప్పండి. ఏమైనా కారితే వాల్వు సీలు పోయిందని అర్థం.
3. మూడంగుళాల హోసు చెవులు రెండూ పూర్తిగా పట్టుకునేదాకా తిప్పి, రెండో కొసని సెప్టిక్ ట్యాంకు చాంబరులో అడుగు లోతుకి దించి, పైన బరువు పెట్టండి. కొస ఎగిరిపడేది ఇక్కడే.
4. మలం ట్యాంకు వాల్వుని ఒక్క లాగుడుతో పూర్తిగా తెరవండి. నెమ్మదిగా తెరిస్తే గట్టిది వెనకబడుతుంది.
5. ప్రవాహం ఆగాక పది లీటర్లు పోసి మళ్ళీ వదలండి. హోసు మధ్యలోని పారదర్శకమైన ముక్కలో నీళ్ళు తేరుకునేదాకా ఇలా చెయ్యండి.
6. ఆ వాల్వు కట్టేశాకే వాడుకనీళ్ళది తెరవండి. ఆ సబ్బునీళ్ళు హోసుని కడుగుతాయి. వరస మార్చకూడదు.
7. హోసు కడిగి రెండు కొసలకీ మూతలు పెట్టండి. దీన్ని మంచినీళ్ళ హోసు ఉన్న అరలో పెట్టకండి. మంచినీళ్ళకి నీలం, మురుగుకి గోధుమరంగు అని రంగులు వేరుగా ఉంచుకుంటే ఇంకొకరు సాయానికొచ్చినా తప్పు జరగదు.

కారే వాల్వు బాగుచెయ్యడం

ఈ వాల్వులో పలక ఒకటి గాడిలో జారుతుంది. గాడిలో ఇసుకో పీచో ఇరుక్కుంటే పలక చివరిదాకా మూసుకోదు. ట్యాంకు కడిగి, నిండా నీళ్ళు పోసి, వాల్వుని నాలుగైదుసార్లు తెరిచి కట్టండి. చాలాసార్లు అంతటితో పోతుంది. పోకపోతే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి నాలుగు బోల్టులు విప్పండి. వాల్వు మధ్యనుంచి జారి బయటికి వస్తుంది, అటూ ఇటూ ఒక్కో రబ్బరు సీలు ఉంటుంది. పాత సీలు ఎటు తిరిగి ఉందో ఫోటో తీసుకోండి. రెండు సీళ్ళూ ఒకేసారి మార్చండి. పెదవికి సిలికాన్ గ్రీజు పల్చగా రాసి, వాల్వుని నిలువునా పైనుంచి జార్చండి. వంకరగా తోస్తే కొత్త సీలు మడతపడుతుంది. బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి.

ఈ వాల్వు బండి కిందికి వేలాడుతుందన్నది మర్చిపోకండి. నరసాపురం రేవులో పంటు (బండ్లని ఏరు దాటించే పడవ) ఎక్కేటప్పుడు, ఏటిగట్టు వాలు దిగేటప్పుడు ముందు దెబ్బ తినేది ఇదే. కింద ఇనుప రక్షణ పట్టీ వేయించండి, వాలు ఎక్కేముందు దిగి చూసుకోండి.

బండి నిలిపి ఉంచేటప్పుడు

నెలకి మించి కదలదంటే మూడు ట్యాంకులూ ఖాళీ చేసి, గీజరు వదిలి, కుళాయిలన్నీ తెరిచి ఉంచండి. సింకు కింద వంపులో నిలిచే నీళ్ళు మన ఎండలకి ఆవిరైపోతే వాసన నేరుగా లోపలికి వస్తుంది. ఆ వంపులో రెండు చెంచాల వంటనూనె పోస్తే నీళ్ళు ఆవిరవ్వవు. కొబ్బరినూనె మాత్రం వద్దు. పుష్యమాసం చలికి గడ్డకట్టి వంపులో అడ్డుపడుతుంది. వరద వచ్చే రోజుల్లో బండిని లంకలో, గట్టు లోపలివైపు నిలపకండి. వరదనీరు అడుగుభాగాన్ని తాకితే బయటి మూతలన్నీ విప్పి కడిగి, మంచినీళ్ళ వైపు శుద్ధి మొదటినుంచీ మళ్ళీ చెయ్యండి.

బండిలో ఉండాల్సిన సామాను: రెండు వాల్వు సీళ్ళు, జల్లెడ ఓ-రింగులు నాలుగు, ఒక స్పేర్ డయాఫ్రమ్ పంపు, 10 ఆంపియర్ల ఫ్యూజులు (పంపు మీద వేరే అంకె రాసి ఉంటే అవే), టెఫ్లాన్ టేపు, అర మీటరు హోసు, ఆరు క్లిప్పులు, సిలికాన్ గ్రీజు, 5 మైక్రాన్ల కార్ట్రిడ్జిలు రెండు. పంపుకి సరిపోయే భాగాలు పల్లెల్లో దొరకవు. భీమవరం, కాకినాడ, రాజమండ్రి లాంటి పట్టణం దాటేముందే ఈ పెట్టె సరిచూసుకోండి.